టోపీ కింద ఇచ్చిన మాట

నేను ఒక టోపీని. సినిమాల్లో గుర్రమెక్కి తుపాకీ తిప్పే కౌబాయిలు పెట్టుకుంటారే, ఆ రకం. నా పుట్టుపూర్వోత్తరాలు చెప్పేముందు మాలకొండయ్య మీద నాకున్న కోపం చెప్పుకోవాలి. అది కక్కేస్తే గానీ మిగతా మాటలు నోట రావు.

మాలకొండయ్య మా పోలయ్యకు బావమరిది. పెదకంచర్ల బస్టాండు దగ్గర టీ కొట్టులో కూర్చుని, వినేవాడొకడు దొరికితే చాలు, "మా బావను ముంచింది మనిషి కాదయ్యా, టోపీ" అంటాడు. వాడు చేసే భూముల వ్యాపారంలో ఎంతమంది మునిగారో వాడికే తెలియాలి. అపవాదు మాత్రం నా మీద. అసలు ఈ జనమే అంత. ఒకడు ఇంకొకణ్ణి మోసం చేస్తే టోపీ పెట్టాడంటారు. తలపాగా చుట్టాడని ఎవరూ అనరు. యాభై ఏళ్ళు దాటినదాన్ని, చాలా తలలు చూశాను. వాటిలో మోసం ఎరగని తల ఒక్కటే. ఆ తల మీద ఉన్నన్నాళ్ళూ నేను పొగరుగానే ఉన్నాను. ఇప్పుడు చెప్పబోయేది దాని సంగతే.

నేను మద్రాసులో పుట్టాను. కోడంబాకం దగ్గర ఒక ఇరుకు సందులో సినిమా దుస్తులు కుట్టే కన్నయ్య అనే ఆయన నన్ను చేశాడు. నిర్మాత ఎక్కడిదో ఇంగ్లీషు పత్రికలో బొమ్మ చూపించి, ఇట్లాంటివి డజను కావాలన్నాడు. అసలు సరుకు తెప్పించే స్తోమత ఆ కంపెనీకి లేదు. కన్నయ్య మూర్ మార్కెట్లో పాత మిలిటరీ కంబళి కొన్నాడు. దాన్ని చిక్కటి గంజిలో నానేసి, బోర్లించిన ఇత్తడి గిన్నె మీద సాగదీసి ఎండబెట్టాడు. రంగు కోసం టీ డికాషన్లో ముంచాడు. అంచు వాలిపోకుండా లోపల సైకిలు చువ్వ వంచి కుట్టాడు. కౌబాయిల దేశం నేను చూడలేదు. నా ఒంట్లో ఉన్నది మన గంజి, మన టీ.

ఆ సినిమాలో కౌబాయి తెలుగు మాట్లాడేవాడు. గుర్రం దిగి తల్లికి దణ్ణం పెట్టేవాడు. వెనక నుంచి కాల్చను, చేతిలో ఆయుధం లేనివాడి మీద చెయ్యెత్తను, ఇచ్చిన మాట చావు అడ్డమొచ్చినా తప్పను అనేవాడు. ఆ డైలాగులు చెప్పే హీరో పొద్దున్నే వస్తానని మాటిచ్చి, ఎండ నెత్తికెక్కాక కారు దిగేవాడు. రీలు రీలుకీ ఒక ఇల్లు తగలబెట్టే విలను మాత్రం అందరికంటే ముందొచ్చి కూర్చునేవాడు. లైట్లు మోసేవాడికి జ్వరమొస్తే తన కారిచ్చి ఆస్పత్రికి పంపించింది కూడా ఆ విలనే. మనుషులకు మంచి మాటలు రాసి ఇచ్చేటప్పుడు ఎవరికి ఇవ్వాలో ఈ లోకంలో సరిగా చూసుకోరని నాకు అక్కడే అర్థమైంది.

సినిమా విడుదలైనప్పుడు నన్ను ఒక ట్రంకు పెట్టెలో పెట్టి ప్రచారానికి ఒంగోలు పంపించారు. అక్కడి థియేటరు మేనేజరుకు ఊళ్ళో తిప్పడానికి ఒక కౌబాయి కావలసి వచ్చాడు. దొరికినవాడు పోలయ్య. అయిదో తరగతిలో బడి మానేసి, తండ్రి వెంట పశువుల సంతలు తిరుగుతున్న కుర్రాడు. మీసం అప్పుడే గట్టిపడుతోంది. నన్ను వాడి తల మీద పెట్టారు. జట్కా గుర్రాన్ని బండి నుంచి విప్పి, వీపు మీద దుప్పటి మడిచి వేసి, వాణ్ణి ఎక్కించారు. వెనక ఎద్దులబండిలో మైకు. ఊరంతా చూస్తుండగా ఠీవిగా బయలుదేరాం. అయితే ఆ గుర్రం జట్కా స్టాండు కనిపించిన ప్రతిచోటా అలవాటుకొద్దీ ఆగిపోయి, బేరం కోసం చూసేది. మా దండయాత్ర అలా సాగింది.

కూలితో పాటు రోజూ ఆట ఉచితంగా చూడొచ్చని మేనేజరు ఒప్పుకున్నాడు. పోలయ్య గోడకానుకుని నిలబడి, నన్ను గుండెకు ఆనించుకుని చూసేవాడు. సినిమాలో ఒక సీను ఉంది. హీరో చేతిలో దెబ్బతిని పడిపోయిన శత్రువు ప్రాణం పోయేముందు, నా గుర్రాన్ని మా ఊరు చేర్చమంటాడు. హీరో సరేనంటాడు. వాడు చచ్చాక కూడా ఎడారి అంతా దాటి, ఆ గుర్రాన్ని నడిపించుకుపోయి వాడి తల్లికి అప్పజెబుతాడు. నేల టికెట్టు జనం ఆ సీనుకు ఈలలు వేసేవాళ్ళు. ఈల వేసి, ఇంటికి పోయి, మర్చిపోయేవాళ్ళు. పోలయ్య ఈల వేయలేదు. నన్ను పట్టుకున్న వేళ్ళు బిగుసుకునేవి, అంతే.

సినిమా ఎత్తేశాక మేనేజరు, "తీసుకుపోరా, పెట్టె బరువు తగ్గుద్ది" అన్నాడు. అలా నేను పోలయ్య సొత్తు అయ్యాను.

పెదకంచర్ల సంత గురించి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. అక్కడ ఎద్దుల ధర నోటితో చెప్పరు. కొనేవాడి తరఫున బేరగాడూ అమ్మేవాడూ చేతులు కలుపుతారు, మీద తువ్వాలు కప్పుతారు. దాని కింద వేళ్ళు మాట్లాడుకుంటాయి. ఇన్ని వేళ్ళు పట్టుకుంటే ఇంత అని. చుట్టూ ఎంతమంది మూగినా అంకె ఆ రెండు చేతులకే తెలుస్తుంది. చివర్లో చెయ్యి గట్టిగా నొక్కితే బేరం కుదిరినట్టు. నొక్కాక వెనక్కి పోవడం లేదు, ఆ అంకె బయట చెప్పుకోవడమూ లేదు.

తండ్రి పోయాక బేరగాడైన పోలయ్య తువ్వాలుకు బదులు నన్ను కప్పాడు. మొదటి సంతలో ఒక ముసలి రైతు, "ఏందిరా పోలయ్యా, టోపీ ఎద్దుకి పెడతావా, నాకు పెడతావా" అన్నాడు.

"ఎద్దుకి కొమ్ములు అడ్డం మామా. నీకే పెట్టాల" అన్నాడు పోలయ్య. అందరూ నవ్వారు. ముసలాయన కూడా నవ్వుతూనే చెయ్యి నా కిందికి పెట్టాడు.

కొన్నాళ్ళకు నవ్వులు ఆగిపోయాయి. ఎందుకంటే వాడు సినిమాలో విన్నదాన్ని సంతలో ఆచరణలో పెట్టాడు. ఎద్దులో లోపముంటే దాని యజమాని ఎదుటే చెప్పేవాడు, పక్కకు తీసుకెళ్ళి చెవిలో ఊదేవాడు కాదు. ఎండలో నడిచొచ్చిన పశువు నీళ్ళు తాగితే గానీ తను టీ గ్లాసు ముట్టేవాడు కాదు. ఒకసారి ఒక రైతు, భార్య ఆస్పత్రిలో ఉందని, కాడి ఎద్దులు తోలుకొచ్చాడు. కొనడానికొచ్చిన ఆసామి పోలయ్యను గిల్లి, "అవసరంలో ఉన్నాడు, బాగా దించు" అన్నాడు.

"దించకూడదయ్యా. ఆయన తుపాకీలో గుండు లేదు" అన్నాడు పోలయ్య.

ఆసామి బిత్తరపోయి చూశాడు. తర్వాత సంతంతా చెప్పుకుని నవ్వాడు. నవ్విన మనిషే మరుసటి సంత నుంచి వేరే బేరగాణ్ణి పిలవడం మానేశాడు. తన ఎద్దులు అమ్ముకోవలసి వస్తే ఇలాంటివాడే కావాలని అతనికీ తెలిసింది. జనం ఇంతే. నీతిని వెక్కిరిస్తారు, తమ సొమ్ము మాత్రం తీసుకొచ్చి దాని దగ్గరే దాచుకుంటారు.

ఇక చేను సంగతి. పోలయ్యకు తాతల నాటి చేను ఒకటే ఉండేది, ఒంగోలు పోయే రోడ్డు వారన. నీటి వసతి లేదు. కంది వేస్తే కంప, జొన్న వేస్తే చొప్ప. ట్రాక్టర్లు వచ్చి సంత పలచబడ్డాక, దాన్ని అమ్మి పశువులను చేరవేసే చిన్న ట్రాలీ బండి కొనుక్కుందామనుకున్నాడు. కోటిలింగం అనే పెద్ద రైతు అడిగాడు. ఆయన ఒంగోలు గిత్తలను పెంచేవాడు, మేతకు నేల కావాలి. ఇద్దరూ చేను గట్టు మీద నిలబడ్డారు. కోటిలింగం ఆ చివరి నుంచి ఈ చివరికి చెయ్యి చూపించి, "ఇదేగా అబ్బాయా" అన్నాడు. "ఇదే మామా" అన్నాడు పోలయ్య. నన్ను తీసి చేతుల మీద కప్పాడు.

మోకు పట్టి పట్టి కాయలు కాచిన చెయ్యి కోటిలింగానిది. చాలాసేపు సాగింది. ఏ అంకె దగ్గర ఆయన చెయ్యి నొక్కాడో నాకు తెలుసు. చెప్పను. నా కింద జరిగింది నేను బయట పెట్టడం మొదలుపెడితే నాకూ మాలకొండయ్యకూ తేడా ఏముంటుంది.

అప్పుడే రిజిస్ట్రేషను చేసుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ మూఢం వచ్చిపడింది. "మూఢంలో కొన్నది నాకు అచ్చిరాదబ్బాయా. పోయినసారి కొన్న గిత్త ఏమయిందో నువ్వూ చూశావుగా. అది పోయిందాకా ఆగుదాం" అన్నాడు కోటిలింగం. పోనీ బయానా అయినా తీసుకోమంటే పోలయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "చెయ్యి నొక్కినాక బయానా ఏంది మామా. నా మీద నమ్మకం లేనట్టా" అన్నాడు. శుక్రుడు ఆకాశంలో కనపడటం లేదని ఇద్దరు పెద్దమనుషులు కాగితం ముక్క లేకుండా ఇళ్ళకు పోయారు.

శుక్రుడు తిరిగి కనపడేలోపు రెండు సంగతులు జరిగాయి. ఆ రోడ్డును వెడల్పు చేస్తున్నారని తెలిసింది, చేలల్లో రాళ్ళకు ఎర్ర రంగు పూసి పోయారు. ఆ వారంలోనే కోటిలింగం గిత్తలకు మేత వేస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడు, మళ్ళీ లేవలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు మాలకొండయ్య వచ్చాడు. గుంటూరు పార్టీ ఒకటి ఆ చేను కోసం తిరుగుతోందట. వాళ్ళిస్తామన్నది పోలయ్య నా కింద ఒప్పుకున్నదానికి ఎన్ని రెట్లో చెబితే మీరు నమ్మరు. పోలయ్య భార్య అంకమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆమె తల మీద ఉన్నది రేకుల కప్పు. ఎండాకాలం దాని కింద ఎలా ఉంటుందో గోడ వంకీకి వేలాడే నాకు తెలుసు.

"అమ్మేశాన్రా" అన్నాడు పోలయ్య.

"ఎవరికి బావా."

"కోటిలింగం మామకి."

"ఆయన పోయాడు గదా."

"నేను పోలేదుగా" అన్నాడు పోలయ్య.

మాలకొండయ్య మంచం మీదికి జరిగి కూర్చున్నాడు. "సాక్షి ఎవరు. కాగితమేది. బయానా ఏది. చచ్చినోడికి ఇచ్చిన మాట ఏ కోర్టులో నిలబడుద్ది బావా."

"కోర్టుకి ఎవరు పోతన్నారు."

"సరే, ఇయ్యాలనుకుంటే ఇయ్యి. రేటు మార్చు. ఎంతకి ఒప్పుకున్నావో ఆ పెద్దావిడకి తెలవదు. నువ్వు ఎంతంటే అంత. అబద్ధం కూడా చెప్పినట్టు కాదు, ఇప్పటి ధర అడిగినట్టు."

పోలయ్య తలెత్తి గోడకున్న నన్ను చూశాడు.

"నువ్వా సినిమా ఇంకా మర్చిపోలేదు" అన్నాడు మాలకొండయ్య. "వాడు హీరో బావా. వాడు ఎడారిలో గుర్రాన్ని తోలుకుపోతే ప్రొడక్షనోళ్ళు వెనకాల క్యారేజీ పట్టుకొస్తారు. నీ ఎనక ఎవడొస్తాడు. మా అక్క ఒస్తది, కాళ్ళీడ్చుకుంటా."

ఆ మాటకు మాత్రం పోలయ్య ముఖం వాడింది. నిజం ఉన్న మాట కదా. అంకమ్మ చేట పక్కన పెట్టి లోపలికి పోయింది.

మర్నాడు పోలయ్య నన్ను పెట్టుకుని కోటిలింగం ఇంటికి బయలుదేరాడు. మాలకొండయ్య కూడా వెంటపడ్డాడు, చివరి నిమిషంలోనైనా బావ మనసు మారకపోతుందా అని. కోటిలింగం భార్య వెంగమ్మ వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. వయసు మళ్ళిన మనిషి.

"అబ్బాయా, మీ మామ నీ చేను కొన్నానని చెప్పాడు. ఎంతకి అంటే చెప్పలా. టోపీ కింద మాట ఇంట్లో చెప్పకూడదే అన్నాడు. ఆయనతోనే పోయింది. నువ్వెంతంటే అంత ఇస్తా."

గుమ్మం దగ్గర మాలకొండయ్య దగ్గాడు. ఆ దగ్గుకు అర్థం ఉంది.

పోలయ్య నన్ను తల మీద నుంచి తీశాడు. "అత్తా, చెయ్యి ఇట్టా పెట్టు."

"ఆడదాన్ని, నాకా లెక్కలు ఏం తెలుసు."

"తెలవక్కర్లా. వేలికెంతో ఊరందరికీ తెలిసిందే, నా వేళ్ళు తడిమి చూసుకో. మామ చేతికి చెప్పింది నీ చేతికే చెప్పాల, నోటితో చెప్పకూడదు."

అప్పటిదాకా నా కిందికి ఒక ఆడమనిషి చెయ్యి రాలేదు. ఆమె కొంగు సర్దుకుని, సందేహిస్తూనే చెయ్యి పెట్టింది. గాజులు లేని మణికట్టు నా అంచుకు తగిలింది. పోలయ్య వేళ్ళు చాచి కదలకుండా ఉంచాడు. ఆమె ఒక్కొక్కటీ తడిమింది. మళ్ళీ మొదటి నుంచి తడిమింది. తలెత్తి చూసింది.

"ఇంతేనా."

"మామ ఇంతకే నొక్కాడు."

"రోడ్డు పడతందని ఊరంతా చెప్పుకుంటన్నారు. దాని రేటు నాకూ తెలుసు అబ్బాయా. ఇంకొంచెం అడుగు. గిత్తల్ని అమ్మైనా ఇస్తా."

"అడగను. చెయ్యి నొక్కు అత్తా."

ఆమె నొక్కింది. బలం లేని నొక్కుడు. కానీ నా కింద నలిగిన బేరాలన్నిట్లో అంత గట్టిది లేదు. నాకు ఎడారి తెలియదు, శత్రువు గుర్రాన్ని తల్లికి అప్పజెప్పిన హీరో నటన తెలుసు. ఆ షాటు తీసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. హీరో కళ్ళకు గ్లిజరిన్ పెట్టారు. ఇక్కడ ఎవరికీ ఏమీ పెట్టలేదు.

"ఎంతకి బావా" అన్నాడు మాలకొండయ్య దారిలో.

పోలయ్య నన్ను తల మీద సర్దుకుని నడుస్తూ ఉన్నాడు.

అంకమ్మ చాలా రోజులు భర్తతో మాట్లాడలేదు. కంచం పెట్టేది, నీళ్ళు పెట్టేది, మాట పెట్టేది కాదు. రిజిస్ట్రేషనుకు పోయే రోజు పోలయ్య ఎందుకో నన్ను వంకీకే వదిలేసి, ఒట్టి తలతో గుమ్మం దాటాడు. ఆమె వెనక నుంచి పిలిచింది. నన్ను తీసి కొంగుతో దులిపి అతని చేతిలో పెట్టింది.

"పెట్టుకుని పో. ఒట్టి తలకాయ దించుకుని పోతే, ఏదో తప్పు చేసినోడనుకుంటారు జనం."

ఆవిడ సినిమా చూడలేదు. తీరిక ఎక్కడిది. అయినా ఆ నియమాలన్నీ ఆవిడకు ఎవరు నేర్పారో నాకు ఈ రోజుకీ తెలియదు.

వెంగమ్మ ఆ చేలో గిత్తలను మేపింది గానీ ఎక్కువ కాలం కాదు. మోకాళ్ళు పట్టేశాక వ్యవహారం మేనల్లుళ్ళ చేతికి వచ్చింది. వాళ్ళు చేనును అదే గుంటూరు పార్టీకి అమ్మారు. మధ్యవర్తి ఎవరనుకున్నారు, మాలకొండయ్యే. కమిషనుతో మేడ కట్టుకున్నాడు. టీ కొట్టులో ఎవరో, "ఏం పోలయ్యా, నీ మాట తెచ్చి వాళ్ళ పెట్టెలో పోసినట్టయింది" అన్నారు. "వాళ్ళ చేను వాళ్ళమ్ముకున్నారు. నాకేంది" అని పోలయ్య ట్రాలీ ఎక్కి పోయాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మంచివాళ్ళ నష్టం మీద చెడ్డవాళ్ళ మేడలు లేవడం నేను చూసిన ప్రతి ఊళ్ళోనూ ఉంది. సినిమాలో అయితే చివరి రీలులో ఆ మేడ కూలేది. ఇక్కడ రంగులు వేశారు.

ఆ చేలో ఇప్పుడు ఫంక్షన్ హాలు లేస్తోంది. పునాది దాటి మొదటి శ్లాబు పడ్డాక దిష్టిబొమ్మ కావలసి వచ్చింది. మాలకొండయ్య మా ఇంటికొచ్చి, "బావా, ఆ టోపీ ఇయ్యి, బొమ్మకి కుదురుద్ది" అన్నాడు. పోలయ్య నన్ను చేతిలో తిప్పి చూశాడు. "వానకి గంజి వదుల్తది, గోనెపట్టా కప్పించు" అని ఇచ్చేశాడు. ఎవరూ ఏమీ కప్పలేదు. గడ్డి కూరిన చొక్కా, బూడిదగుమ్మడికాయ తలకాయ, దాని మీద నేను. అంచులోని సైకిలు చువ్వ బయటికొచ్చి తుప్పు పట్టింది. ఎందరెందరి చెడుచూపో నేను కాచుకోవాలట.

పైనుంచి సంత దారి కనపడుతుంది. ఇప్పుడు ఎద్దు ఫోటో ఫోనులో పెడుతున్నారు, ధర కూడా అందులోనే. పొద్దున సరేనన్నవాడు మధ్యాహ్నం మాట మారుస్తాడు, ముఖం కనపడదు కనక సిగ్గు కూడా ఉండదు. పోయిన నెల వెంగమ్మ గిత్తల్లో ఆఖరి జతను మేనల్లుళ్ళు అలాగే ఫోనులో పెట్టారట. ఒప్పుకున్నవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు వెనక్కి పోయారట. చివరికి ఆ ముసలావిడ మంచంలో నుంచే, "పోలయ్యను పిలవండ్రా" అందట. కింద ఇటుకలు మోసేవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. పోలయ్య తువ్వాలుతో వెళ్ళాడు. కొన్నవాడు పోలయ్య ముఖం చూసి చెయ్యి నొక్కాడు, మాట మీద నిలబడ్డాడు. ఆ నియమాలకు కాలం చెల్లిందా అని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను. అవి పాటించేవాడు ఒకడు ఊళ్ళో ఉంటే, వాడి ఎదుట నిలబడ్డంతసేపూ ఇంకొకడు కూడా పాటిస్తాడు. అంతకంటే ఎక్కువ ఎడారిలో కూడా జరిగి ఉండదు.

హద్దురాళ్ళు నాలుగూ నాకు ఇక్కడి నుంచి కనపడతాయి. రిజిస్ట్రేషనుకు ముందు సర్వేయరు గొలుసు పట్టిన పూట పోలయ్య తల మీద నేనే ఉన్నాను. పాత కాగితాల్లో ఉన్నది రెండెకరాలే. కొలిస్తే ఎక్కువ తేలింది. మాలకొండయ్య పరుగున వచ్చి, "ఆ ముక్కయినా ఉంచుకో బావా. రోడ్డు పక్కనే, అక్కకి ఒక కొట్టు పెట్టియ్యొచ్చు. దానికి నువ్వు మాటియ్యలా" అన్నాడు. సర్వేయరు కూడా గొలుసు వదిలి పోలయ్య వైపు చూశాడు.

"మామ ఆ గట్టు నుంచి ఈ గట్టు దాకా చెయ్యి చూపించి అడిగాడురా. నేను ఇదేనన్నా" అన్నాడు పోలయ్య. "రాయండి సారూ."

సర్వేయరు రాసుకున్నాడు. రెండెకరాల పదిహేడు సెంట్లు.